నాలుగు వేల దగ్గర గొయ్యి

ఆదివారం ఉదయం పదకొండు గంటల పదిహేడు నిమిషాలకు, రేసు ట్రాక్ నాలుగో మలుపులో ఒక తెల్ల కారు వెనకభాగం జారి, అడ్డం తిరిగి, టైర్ల గోడను ఢీకొని బోల్తా పడింది. కారులో ఒక్కరే ఉన్నారు. అతను దంతాల ల్యాబులో కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. ఆ కారు ఇంజిన్‌ని గురువారం సరిచేసింది అతని భార్య చెల్లెలు.

ఆమె ఒక కార్ల షాపులో ట్యూనర్. కారును రోలర్ల మీదకి ఎక్కించి, పట్టీలతో నేలకు బిగించి, ఉన్నచోటనే పరుగెత్తిస్తుంది. ఇంజిన్ ఎంత బలం ఇస్తోందో తెర మీద గీతలా వస్తుంది. ఆ గీతను చూసి, ఏ వేగంలో ఎంత పెట్రోలు పోవాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ల్యాప్‌టాప్‌లో మారుస్తుంది. మళ్లీ పరుగెత్తిస్తుంది. గీత తిన్నగా వచ్చేదాకా అదే పని. షాపు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆ షాపులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఇంజిన్ లెక్కలు మార్చిన ఏ కారు తాళమూ ఊరికే చేతిలో పెట్టకూడదు. యజమానిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ట్యూనర్ పక్క సీట్లో కూర్చుని, షాపు వెనక ఉన్న సొంత రోడ్డు మీద ఒక చుట్టు తిప్పించాలి. ఎక్కడ ఏం మారిందో అతని కాలికి తెలియాలి. తెలిసిందని అతను నోటితో చెప్పాలి. అప్పుడే తాళం.

బావ కారు స్పోర్ట్స్ కార్లలో చవకైనది. వెనక చక్రాలను తిప్పే కారు. బరువు తక్కువ. తక్కువకు అమ్మాలి కాబట్టి తయారుచేసినవాళ్లు కొన్నిచోట్ల చేయి బిగబట్టారు. అలా బిగబట్టినచోట ఒక లోపం మిగిలిపోయింది. ఇంజిన్ నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి బలం పడిపోతుంది, కాసేపాగి మళ్లీ లేస్తుంది. తెర మీద గీత అక్కడ కిందికి దిగి పైకొస్తుంది. షాపులో దాన్ని గొయ్యి అంటారు. ఆ రకం కారు ఏది వచ్చినా ఆ గొయ్యి ఉంటుంది.

బావకు ఆ గొయ్యి గురించి మాట్లాడకపోతే అన్నం సహించదు. ఆదివారాలు అక్క వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే కంచం ముందు అదే పాట.

"ఏం మరదలా, ఇంట్లో ఇంజిన్ డాక్టర్ని పెట్టుకుని కూడా నా బండికి ఆయాసం తగ్గలేదంటే, నలుగురిలో నేనెలా తలెత్తుకోను?"

"ఫీజు కట్టని పేషెంటువి బావా. లైన్లో కూర్చో."

"మీ అక్కని నాకిచ్చి చేసిన రోజే గోతిలో పడ్డాను. చాలదన్నట్టు బండిలోనూ గొయ్యే."

"ఆ గోతిలో కూర్చునే మూడు పూటలా తింటున్నారు, గుర్తుందా?" అని అక్క వంటింట్లోంచి అనేది. బావ కంచం ముందుకు జరిపి, ఇంకాస్త వడ్డించమని సైగ చేసేవాడు.

ఏడాదిగా ఇంతే. నెలకోసారి ట్రాక్‌కి వెళ్లడం, వచ్చి గొయ్యిని తిట్టడం. గొయ్యి లేకపోతే తను ఇంకెక్కడో ఉండేవాణ్ననేవాడు. వినేవాళ్లెవరైనా అతను కోరుకునేది ఒక్కటే అనుకుంటారు. ట్యూనర్ కూడా అదే అనుకుంది.

గురువారం బావ కారును షాపులో వదిలి వెళ్లాడు. ఆదివారం ట్రాక్ ఉంది. బ్రేకు ప్యాడ్లు మార్చాలి. బ్రేక్ ఆయిల్ తీసి, వేడికి మరగని రకం పోయాలి. ట్రాక్‌కి వాడే మెత్తని టైర్లు ఎక్కించాలి. అడిగింది అంతే. ట్యూనర్ అవన్నీ మధ్యాహ్నానికి ముగించింది. ఆ టైర్లతో ఊళ్లో రోడ్ల మీద నడపకూడదు కాబట్టి, ఆదివారం షాపు లారీలోనే కారును ట్రాక్‌కి పంపాలి. అంటే అప్పటిదాకా బావ దాన్ని ముట్టుకోడు.

అటక మీద ఒక హెడర్ ఉంది. ఇంజిన్ నుంచి పొగను బయటికి లాగే గొట్టాల సెట్టు అది. అదే రకం కారున్న ఒకాయన ఇంతకంటే పెద్దది వేయించుకుని, పాతది వద్దని వదిలేసి వెళ్లాడు. ట్యూనర్ దాన్ని దించి, కడిగి, బావ కారుకి బిగించింది. కారును రోలర్ల మీదకి ఎక్కించింది. చీకటిపడే వేళకి తెర మీద గొయ్యి లేదు. మూడు వేల నుంచి ఏడు వేల దాకా గీత ఎక్కడా వంగకుండా ఎక్కుతోంది. ఆ రకం కారులో అలాంటి గీత ఆ షాపులో అదే మొదటిది. ఆమె దాన్ని ఫోనులో ఫొటో తీసుకుంది.

శుక్రవారం పెద్దాయన ఆ ఫొటో చూశాడు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి మళ్లీ చూశాడు.

"బాగా తీశావు. పక్కన కూర్చున్నావా?"

"మా బావేగా అండీ. చెప్పకుండా ఇస్తాను. ట్రాక్ మీద తనే తెలుసుకుంటాడు. అప్పుడు ఆ మొహం చూడాలి నేను."

"మొహం తర్వాత చూద్దువుగాని. ముందు పక్కన కూర్చో."

"ఏడాది నుంచి చెవి కోసిన మేకలా అరుస్తున్నాడండీ ఈ గొయ్యి కోసం."

"అరవనీ. కూర్చో."

"కూర్చుంటాలెండి."

శనివారం ఇంకో రెండు కార్లు లారీ ఎక్కాల్సి ఉన్నాయి. బావ ల్యాబులో ఎవరివో పళ్లు అర్జెంటని ఆ రోజంతా షాపుకి రాలేదు. ఆమె కూడా పిలవలేదు.

ఆదివారం తెల్లవారుజామున చిన్న జల్లు పడింది. తొమ్మిదింటికల్లా ఎండ వచ్చింది. ట్రాక్ చాలావరకు ఆరింది. నాలుగో మలుపు లోపలి అంచు పక్కన గోడ ఉంది. ఆ నీడలో రోడ్డు ఆలస్యంగా ఆరుతుంది. నిర్వాహకులు ఆ సంగతి మైకులో చెప్పారు. ముందు అందరినీ ఒక కారు వెనక వరసగా రెండు చుట్లు మెల్లగా తిప్పారు. ఎవరూ ఎవరినీ దాటకూడదు.

బావ తిరిగొచ్చి హెల్మెట్ తీశాడు. ట్యూనర్ అతని మొహంలోకి చూసింది. మొహంలో ఏమీ లేదు.

"ఎలా ఉంది బావా?"

"ఏముంది, బడిపిల్లల్ని వరసలో నడిపించినట్టు నడిపించారు. మూడు వేలు దాటనిస్తే ఒట్టు."

"ఇంకాసేపట్లో చూద్దువులే."

"ఏం చూడాలి?"

"ఏం లేదు. నీ బ్రేకులు."

"నీ నవ్వు చూస్తే నాకు భయమేస్తోంది మరదలా. బ్రేకులు పెట్టావా, తీసేశావా?"

"అక్కనడుగు, బీమా ఉందేమో."

"ఉంది, ఉంది. దాని ధైర్యంతోనే మీ అక్క నన్ను పంపుతోంది," అన్నాడు బావ. అక్క అతని జబ్బ మీద ఒకటి వేసింది.

అప్పుడే లారీలో తెచ్చిన ఇంకో కారు యజమాని వచ్చాడు. క్లచ్ తొక్కితే పైకి రావడం లేదట. ట్యూనర్ పనిముట్ల పెట్టె తీసుకుని ఆ కారు కిందికి దూరింది. మైకులో బావ గుంపుని పిలవడం కింద నుంచే వింది. తెల్ల కారు స్టార్ట్ అయిన చప్పుడు, కార్లు నిలిపే పిట్ దాటి వెళ్లిన చప్పుడు వింది. చప్పుడు బాగుంది. ఆమె మళ్లీ పనిలో పడింది.

అక్క ఫ్లాస్కు పట్టుకుని వచ్చి కారు పక్కన గొంతుక్కూర్చుంది.

"బయటికి రా, కాఫీ చల్లారిపోతుంది. మీ బావ ఇవాళ మాస్టారి అవతారం ఎత్తారు."

"ఎవరికి పాఠం?"

"ఎర్ర కారు ఆయనకి. కొత్తగా వచ్చాడట పాపం. నాలుగో మలుపు గురించి ఒకటే ఉపన్యాసం."

"ఏమని?"

"నాకేం అర్థమవుతుందే? అక్కడ అందరూ మలుపు దాటాక తొక్కుతారట. ఈయన సగంలోనే పూర్తిగా తొక్కేస్తారట. బండి వెంటనే లాగదు కదా, మీరనే ఆ గొయ్యి, అందులో పడి కాసేపు ఊపిరి తీసుకుంటుందట. బలం వచ్చేసరికి మలుపు అయిపోయి బండి తిన్నగా ఉంటుందట. అందుకే అక్కడ ఈయనని ఎవరూ పట్టుకోలేరట." అక్క నవ్వింది. "ఇంట్లో తిడుతుంటాను గానీ, ఆ గొయ్యి లేకపోతే ఈ మలుపులో నేను లేను అన్నారు. విన్నావా, ఏడాది మన ప్రాణాలు తోడేసి!"

ట్యూనర్ కారు కింద నుంచి బయటికొచ్చింది. కప్పు అందుకోలేదు.

ఆమె దగ్గర బావ కారు ట్రాక్ మీద తిరిగినప్పటి రికార్డులన్నీ ఉన్నాయి. వాటిలో ఇంజిన్ గీత ఒకటి, యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో చెప్పే గీత ఒకటి ఉంటాయి. నాలుగో మలుపులో ఆ రెండో గీత ప్రతిసారీ ముందుగానే పైకి లేచేది. బావ తొందరపాటు మనిషి అనుకుని ఆమె దాన్ని పట్టించుకోలేదు. ట్రాక్ మీద మిగతా అన్నిచోట్లా ఇంజిన్ ఐదు వేల పైనే తిరుగుతుంది. గొయ్యి ఉన్నా లేకపోయినా అక్కడ తేడా తెలియదు. ఒక్క నాలుగో మలుపులోనే, మూడో గేరులో, నాలుగు వేలకు దిగుతుంది. అక్కడ బావ పూర్తిగా తొక్కుతాడు. ఇవాళ బలం ఆగదు. తొక్కిన క్షణంలోనే వెనక చక్రాలకు చేరుతుంది. అప్పటికి కారు ఇంకా వంపులోనే ఉంటుంది. కింద తడి ఉంది.

"వెళ్లి ఎంతసేపైంది?"

"ఇప్పుడేగా. ఏమైందే?"

మొదటి చుట్టులో టైర్లు వేడెక్కాలి కాబట్టి ఎవరూ గట్టిగా తొక్కరు. బావ కూడా తొక్కడు. రెండో చుట్టులో తొక్కుతాడు. ట్యూనర్ స్పానర్ చేతిలో ఉండగానే పరుగెత్తింది.

పిట్ చివర, కార్లను ట్రాక్ మీదకి వదిలే చోట ఒక కంట్రోలర్ ఉంటాడు. మెరిసే చొక్కా, చేతిలో రేడియో.

"ఇరవై ఆరో నంబరు ఆపాలి. తెల్ల కారు. వెంటనే."

"ఏం పోయిందమ్మా?"

"ఏం పోలేదు. ఇంజిన్ మార్చాను. నడిపే ఆయనకి తెలియదు."

"మారిస్తే? సరిగ్గా నడవట్లేదా?"

"బాగా నడుస్తోంది."

కంట్రోలర్ ఆమె వైపు తిరిగాడు. "బాగా నడిచే బండి కోసం అందరినీ ఆపమని పైవాళ్లకి ఏమని చెప్పమంటారు? ఎర్ర జెండా నా చేతిలో లేదమ్మా. కంట్రోల్ టవర్లో చెప్పాలి. వాళ్లు కారణం అడుగుతారు."

"మా బావ అండీ ఆయన."

"సరేనమ్మా. కారణం చెప్పండి."

తెల్ల కారు మొదటి చుట్టు ముగించి ట్రాక్ ప్రారంభ గీత దాటింది. వాళ్ల ముందు నుంచే వెళ్లింది. బావ ఎడమచేయి గేరు మీద ఉంది. ఇటు చూడలేదు. ట్యూనర్ స్పానర్ పట్టుకున్న చేయి ఎత్తి ఊపింది.

"ఆయిల్ కారుతోంది," అంది. "బ్రేక్ ఆయిల్. నేనే బిగించాను. వదులైపోయింది."

కంట్రోలర్ ఇంకో మాట అడగలేదు. రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. టవర్ నంబరు చెప్పమంది. చెప్పాడు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. మొదటి మలుపు దగ్గర ఎర్ర జెండా లేచింది. తెల్ల కారు అప్పటికే రెండో మలుపు దాటిపోయింది, ముందున్న జెండాలు ఇంకా లేవలేదు.

పిట్ నుంచి నాలుగో మలుపు కనిపించదు. అడ్డంగా ప్రేక్షకుల మెట్లున్నాయి. చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ కారు చప్పుడు ట్యూనర్‌కి తెలుసు. ఏడాదిగా ఆ మలుపులో అది గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఒక్క క్షణం తగ్గి, తర్వాత లేచేది. ఇప్పుడు బ్రేకు వేసిన చప్పుడు వచ్చింది. గేరు దించిన చప్పుడు వచ్చింది. తర్వాత ఇంజిన్ ఎక్కడా తగ్గకుండా ఒకే ఊపులో పైకి లేచింది. గురువారం సాయంత్రం రోలర్ల మీద అలాగే లేచింది. టైర్లు అరిచాయి. ఆ తర్వాత వచ్చిన చప్పుడు ఇంజిన్‌ది కాదు.

మెట్ల మీదివాళ్లు లేచి నిలబడ్డారు.

అంబులెన్స్ వెంటనే కదిలింది. ఎర్ర జెండా చెప్పగానే డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచాడట. అక్క చెప్పులు వదిలేసి దాని వెనక పరుగెత్తింది. కారును నిలబెట్టకుండానే, పైకప్పు వైపు నుంచి బావను బయటికి తీశారు. మెడకు పట్టీ వేశారు. అతను ఏదో అంటున్నాడని ఒక జెండా మనిషి చెప్పాడు. ఏమన్నాడో అతనికి వినపడలేదు. అక్క అంబులెన్స్ ఎక్కింది. "నువ్వు వెనకాల రావే," అని లోపలినుంచి అరిచింది. తలుపు మూశారు.

ట్యూనర్ లారీ దగ్గరికి నడుస్తుంటే భద్రతాధికారి ఎదురొచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, ఇసుక బకెట్లు.

"ఆయిల్ కారిందని చెప్పింది మీరేనా? ఎక్కడ మొదలైందో చూపించండి. ట్రాక్ అంతా చూశాం, చుక్క కనిపించలేదు. మిగతా బళ్లను వదలాలి."

"ఆయిల్ కారలేదు."

"మరి?"

ఆమె చెప్పింది. గొయ్యి అంటే ఏమిటో, దాన్ని ఎలా తీసిందో, అతను ఆ మలుపు ఎలా తిరుగుతాడో, అతనికి ఏం చెప్పలేదో చెప్పింది. భద్రతాధికారి మధ్యలో అడ్డురాలేదు.

"అంటే బండి బాగుచేశారు. దానివల్ల పడిందంటారు."

"అవును."

"ఇంట్లోవాళ్లకి తెలుసా?"

"లేదు."

ఆయన బకెట్ల వాళ్లను వెనక్కి పంపించాడు. "లారీ మీరు నడపొద్దు," అన్నాడు. "మా వాడు దింపుతాడు."

ఆసుపత్రి రెండో అంతస్తులో, వరండా చివర అక్క నిలబడి ఉంది. ఎవరివో రబ్బరు చెప్పులు వేసుకుంది. చెల్లెల్ని చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"తెలివిలోనే ఉన్నారు. వెన్నులో ఎముక విరిగిందట. ఎంతవరకు దెబ్బ తగిలిందో తెరిచి చూస్తేగానీ చెప్పలేమంటున్నారు." "ఆ అంబులెన్స్ అబ్బాయి చెప్పాడే. నువ్వు ముందే కనిపెట్టి పరుగెత్తావట కదా. నువ్వు జెండా ఎత్తించకపోతే వాళ్లు కదిలేసరికే ఆలస్యం అయ్యేదట. అందరూ నీ గురించే అంటున్నారు."

"అక్కా."

"ఏదో కారిందట కదా. నీ తప్పేం లేదులే, యంత్రం అన్నాక సవాలక్ష ఉంటాయి. నువ్వు అలా ఉండకు. లోపలికి రా. నిన్నే అడుగుతున్నారు."

బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల కదలకుండా రెండు వైపులా దిమ్మెలు పెట్టారు. కళ్లు మాత్రం తిరిగాయి.

"వచ్చావా మరదలా." మాట నెమ్మదిగా వచ్చింది. "బండి పోయిందా?"

"పోయింది."

"నాదే తప్పమ్మా. ఏడాదిగా తొక్కుతున్న చోటే తొక్కాను. తడి చూసుకోలేదు. నీ బ్రేకులు బాగున్నాయి. అది చెబుదామనే పిలిచాను. నువ్వు మనసులో పెట్టుకుంటావని."

అక్క మంచానికి అవతలివైపు నిలబడి దుప్పటి అంచు సర్దుతోంది. ట్యూనర్ గోళ్ల కింద గ్రీజు ఇంకా ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తడి కాదు బావా."

"మరి?"

"గొయ్యి తీసేశాను. గురువారం. నీకు చెప్పలేదు."

బావ పైకప్పు వైపు చూశాడు.

"మొత్తం తీసేశావా?"

"మొత్తం."

అతను కళ్లు మూసుకున్నాడు. అక్క దుప్పటి అంచు వదిలేసింది. చెల్లెలి వైపు చూసింది.

"ఏం తీసేశావు?" అంది.

ఎవరూ జవాబు చెప్పేలోపే నర్సు వచ్చింది. టైమైందని, ఇద్దరినీ బయటికి వెళ్లమంది.

నాలుగున్నరకు అతన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. గది బయట ముగ్గురు కూర్చునే బెంచీ ఉంది. ట్యూనర్ ఒక చివర కూర్చుని, అక్క అడిగినదానికి జవాబు చెప్పింది. మొదటినుంచి చెప్పింది. పెద్దాయన పక్కన కూర్చోమన్నాడని, తను కూర్చోలేదని కూడా చెప్పింది. అక్క మొత్తం విన్నది. తర్వాత వరండా అవతలి చివరకు నడిచి, కిటికీ దగ్గర నిలబడింది.

ఏడు గంటలకు అక్క అక్కడే నిలబడి ఉంది. గది తలుపు ఇంకా తెరవలేదు.